రెక్కలు మడవను

బొమ్మ అని కాదు, నమూనా అని రాద్దామంటున్నావు నువ్వు. వద్దు. బొమ్మ అనే రాయి. ముసలిదానికి ఈ వయసులో బొమ్మ కావలసి వచ్చిందని గల్లీలో అందరూ నవ్వుకున్నారు కదా, వాళ్ళు నవ్విన మాటే ఉండనీ. అవును, బొమ్మే. ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొస దాకా మీటరు పొడవున్న విమానం బొమ్మ. నేను చేశాను. ఎవరూ చేయమనలేదు. చాలామంది వద్దన్నారు కూడా.

మొదటి నుంచి చెబుతాను, నువ్వు మెల్లగా రాసుకో. తప్పులుంటే తర్వాత దిద్దు, నా మాటలు మాత్రం దిద్దకు.

అప్పుడు మనం సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర కిరాయి ఇంట్లో ఉన్నాం. రెండు గదులు. పక్క గోడకు ఆనుకునే మరమగ్గాల షెడ్డు. మగ్గాలు నడుస్తున్నంతసేపూ మన గూట్లో చాయ్ గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడుతుండేవి. ఆ ఇంట్లో ఏ వస్తువైనా మడిస్తేనే పట్టేది. పొద్దున లేవగానే పరుపులు మడిచి మూల పెట్టాలి. మీ తాత బతికున్నప్పుడు నేసిన చద్దర్లు మడతల మీద మడతలుగా మంచం కింద ఉండేవి. నా పని సంగతి సరేసరి. పెళ్ళయిన ఏడాది నుంచి బీడీలు చుట్టాను. చాట ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు మడుచుకుని కూర్చోవాలి. ఆకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, కొసను గోటితో లోపలికి మడవాలి. అట్లా ఎన్ని లక్షలు మడిచానో నాకే తెలియదు. అన్నీ ఎవరెవరి నోళ్ళలోనో కాలిపోయాయి.

దగ్గు మొదలయ్యాక మీ నాన్న బీడీలు మానిపించాడు. ఇంక సుఖంగా కూర్చో అమ్మా అన్నాడు. కూర్చున్నాను. సుఖం మాత్రం కనబడలేదు. చేతులు ఊరుకోవు కదా. చీర కొంగునే చుట్టి, కొస మడిచి, మళ్ళీ విప్పేదాన్ని. మీ అమ్మ చూసి నవ్వేది.

ఇప్పుడు మీ చిన్న తాత గురించి రాయి. ఆయన మీ తాతకు తమ్ముడు, నాకు మరిది, మీ నాన్నకు కాక. మీసాలు రాకముందే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనని మొండికేసి, పారిపోయి నౌకాదళంలో చేరాడు. విమానాలను మోసుకుపోయే ఓడ ఒకటి ఉండేదట. పైన అవి ఎగిరే మైదానం, కడుపులో వాటిని దాచే పెద్ద హాలు. ఆ హాలులో ఈయన మెకానిక్. చుట్టీ దొరికి, సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆ విమానం ముచ్చటే. ముందు ఒక పంఖా తిరుగుతుందని, లోపల ముగ్గురు కూర్చుంటారని, పొట్ట కింద నుంచి బుంగలాంటిదొకటి దిగుతుందని, దానితో నీళ్ళలో దాక్కున్న శత్రువు జలాంతర్గామిని వెతుకుతారని చెప్పేవాడు. ఓడలో జాగ తక్కువ కాబట్టి రెక్కలు మధ్యలో మడిచి పైకి లేపి పెడతారట. ఆ మడిచే కీళ్ళు చూసుకోవడం ఈయన జట్టు పని. నేను ఆయన్ని కప్తాన్ సాబ్ అని పిలిచేదాన్ని. కప్తాన్ కాడని నాకు తెలుసు, ఉడికించడానికే.

ఉద్యోగం నుంచి దిగాక ఇక్కడికే వచ్చేశాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, మనతోనే ఉన్నాడు. కొన్నేళ్ళకు కుడి చెయ్యి వణకడం మొదలైంది, ఆ తర్వాత ఎడమది కూడా. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ పెట్టె వచ్చింది. ఆయనతో ఓడలో పనిచేసిన స్నేహితుడొకాయన కేరళలో ఇంటి వెనక షెడ్డు వేసుకుని ఇట్లాంటివి పోత పోస్తుంటాడు. వీళ్ళిద్దరూ పనిచేసిన ఆ విమానాన్నే, అసలుదానికి పదహారో వంతుగా, రెజిన్‌తో ముక్కలు ముక్కలుగా పోసి పంపాడు. రెజిన్ అంటే పల్చటి మందులు రెండు కలిపి అచ్చులో పోస్తే గట్టిపడేది. రంగు చూస్తే బట్టల సబ్బులా, ముట్టుకుంటే ఎముకలా ఉంటుంది.

మీ చిన్న తాత పెట్టె విప్పి, చిన్న రంపం తీసుకుని మొదటి ముక్క కోయబోయాడు. బొటనవేలు తెగింది. కట్టు కట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి ముక్క జారి గచ్చు మీద పడింది. అప్పుడు అన్నిటినీ పెట్టెలో సర్ది, మంచం కిందికి కాలితో నెట్టేశాడు. నేను బియ్యం ఏరుతూ చూస్తున్నాను. చేతులు కాకుండా కాలు వాడడం నాకు బాగా గుర్తుండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేనే పెట్టె బయటికి లాగాను.

"ఏం జేస్తున్నవ్ వదినె?"

"నీ విమానం జేస్త. నువ్వు నోటితో చెప్పు, నేను చేత్తో జేస్త."

"గది ఆకు చుట్టినట్టు గాదు."

"నువ్వు మగ్గమే నేర్సుకోలే, నాకు చెప్పొచ్చినవ్."

ఆయన నవ్వాడు. నవ్వి, ముందు ముక్కలన్నీ సబ్బు నీళ్ళలో కడగమన్నాడు. అచ్చుకు అంటకుండా పూసిన నూనె పోకపోతే రంగు నిలవదట. గిన్నెలు తోమి వేసే జాలీ బుట్టలో వేసి కడిగాను. అట్లా మొదలైంది.

ఎట్లా చేశామో కొంచెం రాయి. పోత పోసినప్పుడు ప్రతి ముక్కకూ ఒక ముద్ద అంటుకుని వస్తుంది. దాన్ని రంపంతో కోయాలి. తర్వాత గరుకు కాగితంతో రుద్దాలి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని మీ నాన్న గొడవ పెట్టుకున్నాడు. తంబాకు పొడి నుంచి తప్పించాను, ఇప్పుడు ఈ పొడి పట్టుకున్నావా అన్నాడు. ఆ మాట తప్పు కాదు. అందుకే పరాత్ అనే వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి, ముక్కను ముంచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్ళలోనే రుద్దాను. పొడి లేవలేదు. మీ నాన్న గొడవ మాత్రం ఆగలేదు, ఎందుకంటే అసలు గొడవ పొడి గురించి కాదు. తల్లి ఇంటి ముందర అరుగులాంటి కట్ట మీద కూర్చుని విమానం రుద్దుతుంటే, మగ్గాల కార్ఖానాలో తోటివాళ్ళు ఇదేంటని అడుగుతున్నారట.

కట్ట మీద నాతో పాటు బీడీలు చుట్టిన ఆడవాళ్ళు అక్కడే కూర్చునేవాళ్ళు. వాళ్ళ ఒళ్ళో చాటలు, నా ఒళ్ళో విమానం తోక. ముంబయి పోతావా, దుబాయి పోతావా అని రోజూ ఒకటే పాట. ఒకామె ఎంతమంది కూర్చోవచ్చని అడిగింది.

"ముగ్గురు. నీకు సీటు లేదు."

జిగురు పని మాత్రం కట్ట మీద కుదరదు, లోపలే చేయాలి. కానీ మగ్గాలు నడుస్తుంటే గోడ వణుకుతుంది, గోడ వణికితే బల్ల వణుకుతుంది. ఆ జిగురు అంటుకుందంటే ఇంక వదలదు. వెంట్రుకంత పక్కకు జరిగినా అట్లాగే ఉండిపోతుంది. అందుకని మధ్యాహ్నం కూలీలు జొన్న భాకరీ తినడానికి మగ్గాలు ఆపే పూట కోసం కాచుకుని ఉండేవాళ్ళం. షెడ్డు చప్పుడు ఆగగానే మీ చిన్న తాత సైగ చేసేవాడు, నేను అతికించేదాన్ని. పక్కనున్నవాళ్ళను మాట్లాడనిచ్చేవాడు కాదు. ఓడ మీద కూడా ఇంతే కఠినంగా ఉండేవాడినని చెప్పుకునేవాడు.

రెక్కల పని ఎండాకాలంలో వచ్చింది. ఒక్కో రెక్కకు పై పలక, కింది పలక. రెండూ అతికించి, సందులు లప్పంతో పూడ్చాను. ఆ రోజు మీ నాన్న చిన్న తాతను చెయ్యి చూపించడానికి దవాఖానకు తీసుకెళ్ళాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. లప్పం పచ్చిగా ఉంది. పచ్చిగా ఉన్నదాన్ని ఏం చేస్తాం? బీడీ చుట్టాక చెమ్మ ఉంటే కార్ఖానాలో ఏరి పారేస్తారు. కాబట్టి చుట్టిన కట్టల్ని రేకు పళ్ళెంలో పరిచి ఎండకు పెడతాం. జన్మంతా చేసిన పని. ఆలోచించనే లేదు. రెండు రెక్కలూ రేకు పళ్ళెంలో పెట్టి, ఇంటి ముందరి రేకుల కప్పు మీద పెట్టి వచ్చాను. మీద కాకులు వాలకుండా పళ్ళెం చుట్టూ ముళ్ళ కొమ్మ కూడా పెట్టాను. అంత జాగ్రత్త నాది.

సోలాపూర్ ఎండ గురించి నీకు చెప్పాలా?

వాళ్ళు దవాఖాన నుంచి వచ్చే వేళకు నేను పళ్ళెం కిందికి దించాను. రెక్కలు తీగ మీద ఆరేసిన తడి చద్దర్‌లా రెండు కొసలూ కిందికి వాలిపోయి ఉన్నాయి. లప్పం మాత్రం బాగా ఆరింది. నాకు ముందు అర్థం కాలేదు. చేత్తో పైకి లేపబోతే రెజిన్ మెత్తగా వంగింది. అప్పుడు తెలిసింది.

మీ చిన్న తాత చూశాడు. బల్ల పక్కన కూర్చుని, వణికే రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకున్నాడు.

మీ నాన్న నవ్వలేదు, అది నిజం. అందరికీ మంచి జరిగే దారే చెప్పాడు. పెట్టెలో రెక్కల మధ్య కీలు దగ్గర రెండు రకాల ముక్కలు వచ్చాయి. ఒక రకం అతికిస్తే రెక్కలు చాచి ఉంటాయి. ఇంకో రకం అతికిస్తే మడిచి పైకి లేచి ఉంటాయి. మడిచేస్తే ఆ వంకర ఎవరికీ కనబడదు. ఇంకో సంగతి కూడా ఉంది. కుంభారిలో కార్మికుల కొత్త కాలనీలో మనకు ఇల్లు వచ్చింది, కొన్నాళ్ళలో సామాను కట్టాలి. అది సొంత ఇల్లే కానీ దీనికన్నా పెద్దదేమీ కాదు.

"మడిచేసెయ్ అమ్మా. కాక గూడ జహాజ్ మీద మడిచే పెడ్తరని అంటనే ఉంటడు గద. అల్మారా మీద మూలకు పడుంటది. ఎవ్వరికీ అడ్డం గాదు."

మీ అమ్మ మంచిదే కదా అన్నది. కట్ట మీది ఆడవాళ్ళు గడప దాకా వచ్చి తలూపారు. మీ చిన్న తాత కూడా తలూపాడు. నేను మడిచిన ముక్కల్ని చేతిలోకి తీసుకున్నాను. ముద్దొచ్చేలా ఉన్నాయి అవి కూడా, ఎంతో సన్నగా పోశాడు ఆ కేరళ ఆయన. ఒక్కసారి అతికిస్తే అయిపోయింది, మళ్ళీ విప్పడానికి ఉండదు. తప్పు కూడా కప్పబడిపోతుంది.

"మడువ," అన్నాను.

ఎందుకని అడిగాడు మీ నాన్న. మూలకున్న పరుపుల చుట్ట కనబడింది. కట్ట మీద మోకాళ్ళు ముడుచుకున్న ఆడవాళ్ళు కనబడ్డారు.

"ఈ ఇంట్ల మడుసుడు తప్ప ఇంకేం జేసిన్రా నేను? దీన్నన్న సాపుగ ఉండనియ్యి."

"వంకర రెక్కలేస్కొనా?"

"వంకర నేనే తెచ్చిన. నేనే తీస్త."

మీ నాన్న కోపంగా బయటికి వెళ్ళిపోయాడు. నేను మీ చిన్న తాత వైపు తిరిగాను. నువ్వు కూడా మడవమంటావా అని అడిగాను. ఆయన చెప్పాడు. హాలులో ఈయన చూసిందంతా మడిచిన రెక్కలే. లిఫ్టు మీద పైకి పంపేవరకే ఈయన పని. పైన రెక్కలు విప్పాక అది ఎట్లా పోతుందో, ఎట్లా తిరిగి వస్తుందో, చప్పుడు తప్ప ఏమీ తెలిసేది కాదట. అన్నేళ్ళలో ఎగురుతుండగా సరిగ్గా చూసిందే తక్కువ, అది కూడా ఎక్కడో చుక్కంత.

"నాకు మడిచిందే యాదికున్నది వదినె. గదే నా విమానం."

"గది నువ్వు సూసిన విమానం. చేసింది నేను."

అంత మాట అనకపోయినా పోయేది, కానీ అన్నాను, వెనక్కి తీసుకోను. ఆయన పెట్టె, ఆయన స్నేహితుడు, ఆయన కొలువు, నిజమే. కానీ ఆ ముద్దలు కోసింది నా వేళ్ళు. నీళ్ళలో రుద్ది రుద్ది తోలు లేచింది నా వేళ్ళకు. ఆయన నా ముఖం వంక చూసి, మెల్లగా, అయితే నీళ్ళు కాగబెట్టు అన్నాడు.

ఎండకు వంగింది వేడి నీళ్ళకే తిరుగుతుందట. స్నానాలకు నీళ్ళు కాచే బంబ్‌కు మంట పెట్టాం. వేడి నీళ్ళు పరాత్‌లో పోసి రెక్క ముంచాను. మెత్తబడగానే తీసి, వంటింటి గట్టు మీది నల్ల కడప రాయి మీద పరిచి, అరచేతులతో నొక్కాలి. వెంటనే చల్లనీళ్ళు పోయాలి. నా అరచేతులు ఎర్రబడ్డాయి. మొదటిసారి ఎక్కువ నొక్కాను, వంకర ఇటు నుంచి అటు పోయింది. మళ్ళీ ముంచాను. మీ చిన్న తాత రాయి అంచుకు కన్ను ఆనించి చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు అని చెప్పేవాడు. ఎడమ రెక్క ఆ రోజే మాట విన్నది. కుడిది రెండు మూడు రోజులు సతాయించింది. కొస దగ్గర వేలెడంత మేర రానేలేదు. దానికి లప్పం పూసి, రుద్ది, మళ్ళీ పూసి సరిచేశాను. ఈసారి నీడలోనే ఆరబెట్టాను.

మళ్ళీ బరువుకు వాలకుండా లోపల సైకిల్ చక్రం పుల్లలు గుచ్చుదామన్నది ఆయన ఆలోచన. రెక్క మొదట్లో సన్నటి రంధ్రాలు తొలిచి, ఆ ఉక్కు పుల్లలు సగం రెక్కలోకి, సగం ఒంట్లోకి పోయేటట్టు పెట్టాం. మగ్గాలు ఆగిన పూట, రెక్కలు చాచే ముక్కలు పెట్టి అతికించేశాను. ఆ కొస నుంచి ఈ కొసకు నూలు పోగు లాగి పట్టి, రెండూ ఒక ఎత్తులో ఉన్నాయో లేదో ఆయన చూశాడు. మడిచే ముక్కల్ని నేను దాచలేదు. చెత్తబండి వచ్చినప్పుడు వేసేశాను. దాస్తే ఎవరో ఒకరు మళ్ళీ అడుగుతారు.

తర్వాత బూడిద రంగు వేశాం, పైన సముద్రం రంగు. గుర్తులు తడి కాగితం మీద నుంచి జార్చి అతికించే పని నువ్వే చూశావు కదా, అది బీడీ కట్టకు లేబుల్ అతికించడం కన్నా తేలిక.

కుంభారికి మారిన రోజు టెంపోలో సామానంతా పోయింది. విమానం డ్రైవర్ పక్కన నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక రెక్క కిటికీలోంచి బయటికి. దారి పొడుగునా పిల్లలు చెయ్యి ఊపారు, నేనూ ఊపాను. కొత్త ఇంట్లోకి వెళ్ళాక అసలు పంచాయితీ మొదలైంది. అల్మారా మీద పెడితే రెక్క బయటికి వచ్చి తలుపు తెరుచుకోదు. నేల మీద పెడితే అందరి కాళ్ళు తగులుతాయి. గోడకు ఆనిస్తే నిలబడదు. మీ నాన్న నడుం మీద చేతులు పెట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. మడిచి ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావన్నాడు. మంచం కింద పెట్టొచ్చు కదా అన్నాడు, ఇంకొకళ్ళకు ఇచ్చేద్దామని కూడా అన్నాడు. నేను పైకి చూశాను. ముందు గదికి ఒకే ఒక్క కొక్కెం, సీలింగ్ ఫ్యాన్‌ది.

"ఫ్యాన్ వద్దు, నకో. దీన్ని తగిలియ్యి."

మీ నాన్న నా మాట నమ్మలేదు. ఈ ఎండల్లో ఫ్యాన్ లేకుండా ఎట్లా పడుకుంటావని అడిగాడు. నేను పడుకుంటాను, మీరందరూ లోపలి గదిలో ఫ్యాన్ కింద పడుకోండి అన్నాను. మీ చిన్న తాత తాను కూడా ఇక్కడే అన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళకూ పిచ్చి పట్టిందన్నాడు మీ నాన్న. మర్నాడు కుంఠా నాకాకు మగ్గాల పనికి బండి మీద పోయాడు. సాయంత్రం వస్తూ మగ్గానికి వాడే గట్టి తాడు తెచ్చాడు. స్టూలెక్కి, ఫ్యాన్ విప్పి, తాడు నాలుగు చోట్ల కట్టి విమానాన్ని తగిలించాడు. బరువు ఆగుతుందా అని రెండు చేతులతో పట్టి ఊపి చూశాడు. ఆగింది. దిగి, ఫ్యాన్ రెక్కలు తుడిచి పాత గోనెలో చుట్టాడు.

ఉక్కపోతగా లేదా అని అడుగుతున్నారు అందరూ. ఉంది. ఒళ్ళంతా తడిసిపోతుంది, తాటాకు విసనకర్ర పక్కనే పెట్టుకుంటాను. అయినా ఆ కొక్కేనికి ఫ్యాన్ పడనివ్వను.

మొన్న మధ్యాహ్నం మీ చిన్న తాత మంచం మీద వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తున్నాడు. పై నుంచి కాదు, పక్క నుంచి కాదు, కింద నుంచి. రెక్కలు గది అడ్డంగా ఆ గోడ నుంచి ఈ గోడ వైపు చాచి ఉన్నాయి. చాలాసేపు అట్లా చూసి, నన్ను పిలిచాడు.

"వదినె. పొట్ట కింద ఒక రంగు గీత వంకర వచ్చింది."

"ఏడ?"

"గా బుంగ పక్కన. దించితే సరిజేయొచ్చు."

మీ నాన్న లోపల అన్నం తింటున్నాడు. ఆ మాట విని, ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చి, స్టూలు తేవాలా అని అడిగాడు. మీ చిన్న తాత నా ముఖం చూశాడు. నేను మంచం కోడు పట్టుకుని లేచి, మెడ వెనక్కి వంచి ఆ గీత చూశాను. వంకరే. బాగా వంకర.

"దించ," అన్నాను. "పోయి తిను."